ట్రయల్ సీటు

మంగళవారం పొద్దున మేస్త్రి తన సొంత కారు బోనెట్ ఎత్తి, ఎదురుగా ఉన్న పెద్దల్లుడిని వదిలేసి, షెడ్డు చివర పనిచేసుకుంటున్న చిన్నల్లుడిని పిలిచాడు.

పెద్దల్లుడు అప్పటికే చేతిలోని స్పానర్ కింద పెట్టి రెండడుగులు వేశాడు. ఆ బోనెట్ చప్పుడు వినబడితే వెళ్ళేది పద్నాలుగేళ్ళుగా తనే. వేసిన అడుగుల్ని వెనక్కి తీసుకుంటే మరీ బాగుండదని, నీళ్ళ డబ్బా వైపు తిరిగి, దాహం లేకపోయినా ఒక గ్లాసుడు తాగాడు. తాగుతున్నంతసేపూ చెవులు మాత్రం కారు దగ్గరే ఉన్నాయి.

"చిన్నోడా, ఇదేంటో నువ్వోసారి చూడు," అంటున్నాడు మేస్త్రి. "మూడు రోజులకి లీటరు కూలెంట్ మాయమవుతోంది. కింద చుక్క పడదు. చదునుగా ఉన్న రోడ్డు మీద బాగానే పోతుంది, మిట్ట ఎక్కిందంటే వేడి ముల్లు లేచి కూర్చుంటుంది."

"అన్నయ్య చూడలేదా మామయ్యా?"

"చూశాడు. నెల నుంచీ చూస్తూనే ఉన్నాడు. ముసలి బండి, ఆ మాత్రం తాగుతుంది అంటాడు."

మేస్త్రి గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. తిట్టే మనిషి ఇంకా మన మీద ఆశ పెట్టుకున్నట్టు లెక్క. ఈయన వాన పడిందనో, కరెంటు పోయిందనో చెప్పినట్టు చెప్పాడు. పెద్దల్లుడు గ్లాసు కడగకుండానే బోర్లించాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ బండి బాగయినా, బాగుచేసినవాడు దాన్ని నడిపి చూడకూడదు. మేస్త్రి వచ్చి సీట్లో కూర్చుని, ఊరి చివరి మిట్ట దాకా తీసుకెళ్ళి తీసుకొస్తాడు. దాన్ని ట్రయల్ అంటారు. మేస్త్రి దిగి తలుపు మెల్లిగా వేస్తే బండి గేటు దాటుతుంది, గట్టిగా వేస్తే మళ్ళీ బోనెట్ లేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఇంకొకరు కూర్చోలేదు. కానీ ఇప్పుడు మేస్త్రి రెండు కళ్ళకీ పొరలు వచ్చాయి. సోమవారం ఆపరేషను, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఇక మీదట ట్రయల్ ఎవరు వేస్తారో శనివారం చెప్తానన్నాడు మేస్త్రి. ఆ సీటు కావాలనుకునేవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ ఇంటి అల్లుళ్ళే.

నెల కిందట ఎవరైనా అడిగి ఉంటే, ఇందులో చెప్పడానికేముంది అని పెద్దల్లుడు నవ్వేవాడు.

చిన్నల్లుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఈ ఇంటి అల్లుడై ఏడాది, షెడ్డులోకి వచ్చి ఎనిమిది నెలలు. అంతకు ముందు పెద్ద వర్క్‌షాపులో చేశాడు. అక్కడి అలవాట్లన్నీ మూటకట్టుకుని తెచ్చుకున్నాడు. సామాను పెట్టెలో ఏ అరలో ఏముందో చీటీలు అంటిస్తాడు, విప్పిన నట్లు విప్పిన వరసలో రేకు మీద పేర్చుకుంటాడు, పని చేస్తున్నంతసేపూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తాడు. చీటీలనీ నట్లనీ పెద్దల్లుడు ఓర్చుకోగలడు. ఆ కూనిరాగం ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది.

ఇంజను చల్లగా ఉందని చేత్తో తాకి చూసుకున్నాక రేడియేటర్ మూత తిప్పాడు చిన్నల్లుడు. మూత లోపలి రబ్బరు వెలుతురుకి పట్టి చూశాడు. లావు గొట్టాల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కాడు. వాటర్ పంపు కింద వేలు పెట్టి తడి ఉందేమో చూశాడు. ఆయిల్ పుల్ల తీసి, ఆయిల్లో నీళ్ళు కలిసి తెల్లబడిందేమో చూశాడు. తెల్లబడలేదు. తర్వాత ఇంజను స్టార్టు చేయించి, ఫ్యాను తిరిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవన్నీ పెద్దల్లుడు నెల రోజుల్లో చేసినవే. కాకపోతే అతను చేస్తున్నప్పుడు మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చోలేదు. ఇప్పుడు కూర్చున్నాడు.

"మూత రబ్బరు పగిలింది మామయ్యా. ముందు ఇది మారుద్దాం. ఒకేసారి రెండు మారిస్తే ఏది తప్పో తెలీదు."

"అదీ మాట," అన్నాడు మేస్త్రి.

ఈ 'అదీ మాట' అనే మాట కోసం పెద్దల్లుడు ఎన్నిసార్లు చెవులు రిక్కించాడో దేవుడికి తెలుసు. ఆయన నోట అది ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. వీడికి ఒక రబ్బరు మూతకే వచ్చేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని, స్కూలు చొక్కాలకి కాలర్లు వేస్తోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడటం ఆమెకి అలవాటు.

"మీ నాన్నకి కళ్ళే కాదు, మతి కూడా పోతోంది," అన్నాడు చెప్పులు విడుస్తూ.

"మరిదిగారికి ఏం పని చెప్పారు?"

"నేను మరిది ఊసే ఎత్తలేదుగా."

"ఎనిమిది నెలల నుంచీ మీరు మా నాన్నని తిట్టినప్పుడల్లా దాని వెనక మా మరిదే ఉంటున్నాడు." ఆమె సూదులు తీసి డబ్బాలో వేసింది. "కడుపుమంటకి మందు లేదండీ. చల్లటి మజ్జిగుంది, తాగండి."

అతను మజ్జిగ తాగాడు. మంట అలాగే ఉంది.

బుధవారం చిన్నల్లుడు అందరికన్నా ముందే వచ్చాడు. రాత్రి కారు కింద పరిచిన అట్టముక్క లాగి చూస్తే, దాని మీద తడి లేదు. కూలెంట్ డబ్బా మీద, మూత మార్చి బండి తిప్పే ముందు సుద్దతో గీసిన గీతకి అది వేలెడు కిందికి దిగి ఉంది. అంటే మూత ఒక్కటే కాదు. అతను రేడియేటర్ నోటికి ప్రెషర్ పంపు బిగించి, గాలి కొట్టి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడైనా కారుతుంటే పంపు మీది ముల్లు పడిపోవాలి. పావుగంటైనా పడలేదు.

"చల్లగా ఉన్నప్పుడు గట్టిగానే ఉంది మామయ్యా. వేడెక్కితేనే ఎక్కడో తెరుచుకుంటోంది. లేదంటే హెడ్డు గాస్కెట్టు పోయి, లోపల్లోపలే కాలి పొగలో పోతోంది."

"పొగ తెల్లగా రావట్లేదే?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

అంతుపట్టట్లేదన్న మాట వినగానే పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. పక్క బండికి బ్రేకులు బిగిస్తున్న అతని చేతులు కాస్త హుషారుగా కదిలాయి. మధ్యాహ్నం మామా చిన్నల్లుడూ కలిసి సామాను కొట్టుకి వెళ్ళారు. మేస్త్రి చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసి గేటు దాటాడు. కళ్ళు సరిగా కనబడక వేసిన చెయ్యే అది. అయినా పెద్దల్లుడి చూపు ఆ చెయ్యి మీద నుంచి చాలాసేపు కదల్లేదు.

వాళ్ళు వెళ్ళగానే అతను క్యారేజీ విప్పకుండా కారు దగ్గరికి నడిచాడు. వీడికంటే ముందు నేను పట్టుకుంటాను అనుకున్నాడు. వీడు చూసిన చోట చూసి లాభం లేదు. ఇంజను వెనక, లోపలి గోడకీ దానికీ మధ్య, చెయ్యి కూడా సరిగా పట్టని సందు ఒకటి ఉంది. చిన్న అద్దం ఒకటి ఆ సందులోకి దింపి, టార్చి వెలుతురు దాని మీద పడేలా వంచాడు. కూలెంట్ ఎండిపోతే పడే తెల్లటి చార ఒకటి, జానెడు పొడుగున, ఇంజను బ్లాకు మీది నుంచి పొగ గొట్టం మీదికి దిగి ఉంది. కారిన చుక్క కారినట్టే కాలే గొట్టం మీద పడి ఆవిరైపోతోంది. నేల దాకా రావడానికి దానికి తీరికెక్కడిది. వేలు పోనిచ్చి, తీసి వాసన చూశాడు. తియ్యటి వాసన. అదే.

పట్టేశాను అనుకున్న సంతోషం ఆ చార మొదలు ఎక్కడుందో చూసేదాకానే ఉంది.

అక్కడ హీటర్‌కి వెళ్ళే సన్నగొట్టం ఉంది. దాని మెడకి క్లిప్పు లేదు. ఇనుప తీగ రెండు చుట్లు తిరిగి, ఎడమకి మూడు మెలికలు తిరిగి, కొస లోపలికి మడిచి ఉంది. అలా ఎడమకి మెలిపెట్టేది, కొస గుచ్చుకోకుండా మడిచేది ఆ షెడ్డులో ఒక్కడే. కిందటి ఎండాకాలంలో ఆ గొట్టం చిట్లితే, సరిపడా క్లిప్పు లేక, గోడకి వేలాడుతున్న ఆయిల్ గొట్టం ముక్క కోసి వేసి, రేపు మారుద్దాంలే అని తీగ చుట్టాడు. బయటివాళ్ళ బండికైతే చచ్చినా అలా చెయ్యడు. మన బండే కదా అనుకున్నాడు. ఆ షెడ్డులో సొంత కారుకి ఎప్పుడూ మిగిలిన సామానే దక్కుతుంది. ఆ రేపు ఏడాదైనా రాలేదు. వేడి నీళ్ళకి పనికిరాని ఆ రబ్బరు మెత్తబడి, తీగ కింద నోరు తెరిచింది.

అతను అద్దం పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. చెప్పొచ్చు. మామయ్యా దొరికింది, తప్పు నాదే అంటే ఆయన చంపడు. కానీ శనివారం ఇంకా మూడు రోజులే ఉంది. చెప్పాడంటే ఆ సీటు చిన్నోడికి తనే తలుపు తీసి చూపించినట్టు. చెప్పకపోతే వీడు వెతుక్కుంటూ ఉంటాడు, శనివారం నాటికి వీడి చీటీలూ గడియారాలూ కూడా తేల్చలేకపోయాయని తేలుతుంది. ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు తనే తీగ తీసి క్లిప్పు వేసేస్తాడు.

జేబులోంచి గుడ్డ తీశాడు. పెట్రోలులో ముంచి, సందులోకి చెయ్యి దూర్చి, ఆ తెల్లచారని తుడిచాడు. పని తెలిసిన చెయ్యి కావడం వల్ల శుభ్రంగా, అంచులు కూడా మిగలకుండా తుడిచింది. మోచేతికి గీసుకున్న సంగతి చేతులు కడుక్కుంటున్నప్పుడు గాని తెలియలేదు.

గురువారం చిన్నల్లుడు ఇంజను వేడెక్కించి, రేడియేటర్లో బుడగలు వస్తాయేమోనని చూశాడు. రెండో మూడో వచ్చాయి. లోపల నిలిచిన గాలి బయటికొచ్చినా అవే వస్తాయి, గాస్కెట్టు పోయినా అవే వస్తాయి. అతను తల గోక్కున్నాడు. కూనిరాగం పొద్దుటి నుంచీ లేదు. పెద్దల్లుడు ఆ నిశ్శబ్దాన్ని ఒక గ్లాసు టీతో పాటు తాగాడు.

"పెద్దోడా, నువ్వేమంటావు?" అని అడిగాడు మేస్త్రి.

ఇన్ని రోజుల్లో ఆయన తనని అడగడం అదే మొదటిసారి. ఇదే అడగడం మంగళవారం అడిగి ఉంటే ఎంత బాగుండేదో. పెద్దల్లుడు గాజు గ్లాసు కింద పెట్టి, దగ్గరికొచ్చి, బుడగల వంక బాగా ఆలోచిస్తున్నట్టు చూశాడు.

"గాస్కెట్టే మామయ్యా. హెడ్డు విప్పాల్సిందే."

"ఖాయమా?"

"ఇంకేముంటుంది."

చిన్నల్లుడు అతని మొహంలోకి చూశాడు. ఆ చూపు మామూలు కంటే కాస్త ఎక్కువసేపు నిలిచింది. "సరే అన్నయ్యా, మీరన్నాక ఇంక తిరుగేముంది. రేపు మొదలుపెడతాను," అన్నాడు.

హెడ్డు విప్పడమంటే ఇంజను పైభాగమంతా ఊడదీయడం, రెండు రోజుల చాకిరీ. విప్పాక దాని కింద సందు మూసే పొర, గాస్కెట్టు, శుభ్రంగా కనబడుతుంది. అనవసరంగా ఇంజను విప్పినవాడికి ఆ షెడ్డులో ఏ మర్యాద జరుగుతుందో పెద్దల్లుడికి బాగా తెలుసు.

ఆ సాయంత్రం భార్య బొత్తాలు కుడుతూ ఒక కబురు చెప్పింది. చెల్లెలు ఫోన్ చేసిందట. మరిది ఇంట్లో సరిగా తిండి కూడా తినట్లేదట.

"ఏమైందట?"

"మామయ్యకి నా పని ఏదీ ఆనదు, నేను ఏం చేసినా 'పెద్దోడైతే చెవి పెట్టి చెప్పేసేవాడు' అంటారు అని గోల పెట్టాడట. మా నాన్న మీ ముందు ఆయన్ని మెచ్చుకుంటారు, ఆయన ముందు మిమ్మల్ని మెచ్చుకుంటారు. మీరిద్దరూ చెరో మూలా కూర్చుని ఏడవండి."

"అబద్ధం. మీ నాన్న నన్ను మెచ్చుకోవడమా?"

"మా చెల్లెలికి అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది?" ఆమె దారం పళ్ళతో కొరికింది. "అది సరే, ఆ మోచేతికేం తగిలింది?"

"ఏదో రేకు," అన్నాడు అతను.

ఆ కబురు నమ్మకూడదనుకుంటూనే రెండు మూడుసార్లు తలుచుకున్నాడు. వీడికి కూడా ఏడుపుందా. ఉంటే మరి ఆ నవ్వు మొహం ఎలా పెడతాడు. పోనీ రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తే? చెప్పేద్దామనే నిద్రపోయాడు. పొద్దున లేచేసరికి ఆ ఉద్దేశం బాగా పలచబడింది.

శుక్రవారం ఊరవతల ఒక లారీ ఆగిపోయిందని కబురొస్తే దాని దగ్గరికి వెళ్ళాడు. కావాలని ఆలస్యం చేశాడని చెప్పలేం గానీ, తొందరపడలేదు. హెడ్డు విప్పే వేళకి తను అక్కడ లేకపోవడమే మంచిదనిపించింది. నాలుగింటికి తిరిగొచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు. కారు బోనెట్ ఎత్తే ఉంది, ఇంజను విప్పలేదు. పైగా తిరుగుతోంది. చిన్నల్లుడు కూనిరాగం తీస్తున్నాడు.

"రావయ్యా రా," అన్నాడు మేస్త్రి స్టూలు మీంచి లేస్తూ. లేచి వచ్చి, తడుముకుంటున్నట్టు చెయ్యి చాచి, పెద్దల్లుడి భుజం పట్టుకున్నాడు. "తుడిచి పెట్టావట. నాకు చెప్పనేలేదే."

పెద్దల్లుడు చేతిలోని పనిముట్ల సంచి కింద పెట్టాడు. "ఏం తుడవడం?"

"వెనక సందులో. చిన్నోడు చెప్పాడు. అంత మురికి ఇంజను మీద ఒక్క జానెడు చోటు అద్దంలా ఉందట, దాని మీద నిన్న వేడెక్కించినప్పుడు కారిన కొత్త చార తెల్లగా కనబడిందట. అన్నయ్య తుడిచి ఉంచకపోతే ఆ మురికిలో జన్మకి దొరికేది కాదన్నాడు." ఆయన నవ్వాడు. "అనుమానమున్న చోట తుడువు, బండి తిప్పు, మళ్ళీ చూడు. నువ్వు ఈ షెడ్డుకొచ్చిన మొదటి వారం నేర్పాను. మర్చిపోలేదు."

మొదటి వారం నేర్పింది ఆయనే. దాచడానికి వెళ్ళిన చెయ్యి కూడా ఆయన నేర్పినట్టే తుడిచింది. పెద్దల్లుడు ఏదో అందామని నోరు తెరిచాడు.

"గాస్కెట్టు అన్నావే మరి?" అని మేస్త్రే మళ్ళీ అడిగాడు.

"అదీ ఒక అనుమానమే కదా మామయ్యా," అని చిన్నల్లుడు ఇంజను పక్క నుంచి అందుకున్నాడు. "అన్నయ్య రెండూ చూడమన్నారు."

"అదీ మాట," అన్నాడు మేస్త్రి. "రేపు ట్రయల్ నువ్వే వెయ్యి పెద్దోడా. రేపే కాదు, ఇక మీదట కూడా."

పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట. పెద్దల్లుడు "ఊ" అన్నాడు. 

చేతులు కడిగే పంపు దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు చిన్నల్లుడు జేబులోంచి తీగ తీశాడు. ఎడమకి మూడు మెలికలు అలాగే ఉన్నాయి. సబ్బు పెట్టే గట్టు మీద దాన్ని పెట్టి, మోచేతుల దాకా నురగ రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"మామయ్య దీన్ని చూడలేదు. గొట్టం చిట్లిందని మాత్రమే చెప్పాను. కొత్తది వేసి రెండు వైపులా క్లిప్పులు బిగించాను."

"ఎందుకు చేశావిదంతా?"

 చిన్నల్లుడు గోళ్ళ సందుల్లో నలుపు బ్రష్షుతో తోముకున్నాడు. "నిన్న మీరు గాస్కెట్టు అన్నప్పుడు ఆ సందు నేను అప్పటికే చూసేశాను అన్నయ్యా. మీరే చెప్తారేమో అని ఆగాను. సాయంత్రం దాకా ఆగాను." నీళ్ళు పోసుకున్నాడు. "నాకూ ఆ సీటు కావాలి. మీకున్నంత ఆశ నాకూ ఉంది. కానీ ఈ తీగ చూపించి తీసుకున్నాననుకోండి, ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు మీ పక్క పీట మీద నేనెలా కూర్చోను?"

తువ్వాలు ఇతని చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు పంపు కట్టేశాడు. సిగ్గుపడాలని అతనికి తెలుసు, పడ్డాడు కూడా. కానీ సిగ్గు కంటే ముందు వచ్చింది ఇంకొకటి. పనిలో గెలిచాడు, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా వీడే గెలిచాడు. తనకి ఇంకేం మిగిల్చాడు. కొట్టినా తిట్టినా తిరిగి ఇవ్వొచ్చు, దీన్ని ఎలా తిరిగివ్వడం. ఇంటికెళ్ళాక భార్య, "నాన్న ఫోన్ చేశారు. మాట్లాడినంతసేపూ మీ పేరే చెప్పారు," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, అతను కూర ఇంకాస్త వెయ్యమని అడిగాడు.

శనివారం పది గంటలకి ముగ్గురూ బయల్దేరారు. స్టీరింగు ముందు పెద్దల్లుడు, పక్కన నల్లకళ్ళజోడుతో మేస్త్రి, వెనక చిన్నల్లుడు. ఆ సీటు మేస్త్రి ఒంటికి తగ్గట్టు గుంటపడి ఉంది. పెద్దల్లుడు రెండుసార్లు సర్దుకుని కూర్చున్నా అందులో కుదురుకోలేకపోయాడు. గేరు మార్చాడు. ఊరి వీధులు దాటాక మిట్ట రోడ్డు మొదలైంది.

"ముల్లు ఎక్కడుంది?" అన్నాడు మేస్త్రి.

"సగంలో ఉంది మామయ్యా."

"రెండో గేరులోనే ఎక్కించు. కష్టపడనీ."

ఇంజను మూలిగింది. ముల్లు సగం దగ్గరే నిలబడింది. మేస్త్రి సీటుకి జారబడి, సంతృప్తిగా మోకాలి మీద తాళం వేశాడు. "చిన్నోడా, చూశావా? మా పెద్దోడు నోరు విప్పడు గానీ, చెయ్యి పడితే ఇంక తిరుగుండదు. నేర్చుకో."

"అవును మామయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు అద్దంలో అతని మొహం చూశాడు. వెటకారమేమైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికితే బతికిపోయేవాడు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అంతే. ఇక ప్రతి రోజూ ఈ సీట్లో కూర్చోవాలి, ప్రతి రోజూ వీడు పెట్టిన భిక్ష మీద కూర్చోవాలి. బండ్లన్నీ వీడు బాగుచేస్తాడు, తను తలుపు మెల్లిగా వేస్తాడు. ఆ ఆలోచన మిట్ట సగం దాకా అతన్ని తినేసింది.

రోడ్డు పక్కకి తీసి బండి ఆపాడు.

"ఏమైంది? ముల్లు లేచిందా?"

"లేదు మామయ్యా. సగంలోనే ఉంది." అతను స్టీరింగు వదల్లేదు. "నేను తుడిచింది చూడటానికి కాదు. కనబడకుండా పోవాలని తుడిచాను. ఆ గొట్టం వేసింది నేనే, పోయినేడాది. ఆయిల్ గొట్టం ముక్క వేసి తీగ చుట్టాను. కారుతోందని బుధవారమే చూశాను. గాస్కెట్టు అని కావాలనే చెప్పాను. వీడు అనవసరంగా విప్పి మీ చేత చీవాట్లు తినాలని."

వెనక సీటు కిర్రుమంది. "అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వు ఊరుకో. నీ దానం నాకొద్దు."

ఒక సైకిలు మనిషి వాళ్ళ పక్క నుంచి రొప్పుకుంటూ మిట్ట ఎక్కి వెళ్ళాడు. మేస్త్రి నల్లకళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో అంటాడని పెద్దల్లుడు మెడ వంచుకుని కూర్చున్నాడు. ఆయన మొహం ఎర్రబడలేదు. కాస్త వయసు మీద పడ్డట్టు అయింది.

"దిగు," అన్నాడు చివరికి. "చిన్నోడా, నువ్వు ముందుకి రా. సోమవారం నుంచి కూడా నువ్వే."

ఇద్దరూ దిగారు. కారు ముందు నుంచి ఒకడూ వెనక నుంచి ఒకడూ తిరిగి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సీట్లు మారారు. చిన్నల్లుడు కూర్చోగానే సీటు ముందుకి జరుపుకున్నాడు, అద్దం తనకి తగ్గట్టు తిప్పుకున్నాడు. పని తెలిసినవాడి చేతులు. బండి కదిలింది.

వెనక సీట్లో పెద్దల్లుడికి వాళ్ళిద్దరి తలలూ పక్కపక్కనే కనబడుతున్నాయి. కడుపులో మంట ఎక్కడికీ పోలేదు. ఆ చేతులు స్టీరింగు మీద ఉండటం చూస్తుంటే ఇంకా ఎక్కువే అయింది. కాకపోతే ఇప్పుడది తన మంటే, ఒకరు పెట్టింది కాదు. కాళ్ళు చాపుకోవడానికి చోటు చాలక ఒక పక్కకి వాలి కూర్చున్నాడు.

మిట్ట దిగుతుంటే మేస్త్రి తల కాస్త పక్కకి వంచాడు.

"ఏదో వినబడుతోందా?"

"ఏం లేదు మామయ్యా. ఇంజను మెత్తగా ఉంది," అన్నాడు చిన్నల్లుడు.

"నిన్ను కాదు. నా చెవులు కూడా మునుపట్లా లేవు. పెద్దోడా, నువ్వు విను."

పెద్దల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఇంజను, గాలి, అద్దాల గలగల. వాటన్నిటినీ ఒక్కొక్కటే పక్కకి తీసి పెట్టాడు. అన్నిటికీ అడుగున, మలుపు తిరిగినప్పుడల్లా, సన్నగా ఒక కూత.

"ఎడమ వెనక చక్రం," అన్నాడు. "బేరింగు పోతోంది."

"ఎవరు వేశారు దాన్ని?"

చిన్నల్లుడు అద్దంలోంచి చూశాడు, ఏదో అడ్డం చెప్పబోతున్నట్టు. పెద్దల్లుడు వాడికి ఆ అవకాశం ఇవ్వలేదు.

"అదీ నేనే మామయ్యా. మన బండే కదా అని పాతదే వేశాను."